కొత్త డాక్టర్‌కి జబ్బు సంగతి ఎలా చెప్పాలి: కథలాగానా, జాబితాలాగానా?

వేకువ_పేజీ (ప్రశ్న)

దీర్ఘకాలం జబ్బుతో ఉన్నవాళ్ళ కోసం ఒక పేజీ సూచనపత్రం తయారుచేస్తున్నాం. కొత్త స్పెషలిస్టు దగ్గరకి మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఏం రాసుకెళ్ళాలి, నోటితో ఏం చెప్పాలి అన్నదే అందులో విషయం. ముసాయిదా దగ్గరే రెండు వర్గాలైపోయాం. లక్షణాలు, మందులు, తేదీలు జాబితాగా ఇస్తే చాలు, డాక్టర్‌కి కథ వినే తీరిక ఉండదని ఒకరంటారు. జాబితాలో జబ్బు కనిపిస్తుంది కానీ మనిషి కనిపించడు, జరిగింది జరిగినట్టు చెప్పాల్సిందేనని ఇంకొకరంటారు.

అడగదలచుకున్నవి ఇవి. రోగి మాట్లాడితే డాక్టర్ నిజంగా ఎంతసేపు వింటారు? ఏ వరసలో చెబితే పనికొస్తుంది? తనకోసం తాను జబ్బు గురించి రాసుకుంటే ఏమైనా మేలుందా, లేక అది మనం చెప్పుకునే మాటేనా? చెప్పుకోలేని స్థితిలో ఉన్నవాళ్ళ సంగతేంటి? "మనసు విప్పి మాట్లాడండి" లాంటి సలహాలు మా దగ్గర బోలెడున్నాయి. పని జరిగే పద్ధతి కావాలి.

ఓపీ_గది

జనరల్ మెడిసిన్‌లో విద్యార్థులకి హిస్టరీ (జబ్బు ఎలా మొదలై ఎలా నడిచిందో రోగి చెప్పేది) తీసుకోవడం నేర్పే పని నాది. ముందు టైము సంగతి చెబుతాను, మీ వాళ్ళ గొడవంతా అక్కడే ఉంది.

1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు 74 కన్సల్టేషన్లు రికార్డు చేసి చూశారు. రోగి మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టర్ అడ్డొచ్చారు. చెప్పదలచుకున్నది పూర్తిగా చెప్పగలిగినవాళ్ళు 23 శాతం. అడ్డురాకపోతే గంటసేపు చెబుతారని డాక్టర్ల భయం. ఆ భయం ఎంత నిజమో 2002లో స్విట్జర్లాండ్‌లో తేలింది. 335 మంది రోగుల్ని ఆపకుండా మాట్లాడనిస్తే సగటున 92 సెకన్లలో ముగించారు. 78 శాతం మంది రెండు నిమిషాల లోపే ఆపేశారు. అయిదు నిమిషాలు దాటినవాళ్ళు ఏడుగురే, వాళ్ళు చెప్పింది కూడా అవసరమైన సమాచారమేనని ఆ డాక్టర్లే అన్నారు. కాబట్టి మీ పత్రంలో "రెండు నిమిషాల కథ" అని ధైర్యంగా రాయండి. ఇంట్లో గడియారం పెట్టుకుని ఒకసారి బయటికి చెప్పి చూసుకోమనండి.

కథకి విలువేంటి అని అడిగేవాళ్ళకి 1975 నాటి ఒక బ్రిటిష్ అధ్యయనం ఉంది. కొత్తగా వచ్చిన 80 మంది ఔట్‌పేషెంట్లలో 66 మందికి రెఫరల్ ఉత్తరం (పంపిన డాక్టర్ రాసినది), రోగి చెప్పిన హిస్టరీ ఈ రెంటితోనే తుది రోగనిర్ధారణ తేలిపోయింది. శరీర పరీక్ష ఏడుగురిలో, ల్యాబ్ పరీక్షలు మరో ఏడుగురిలో అభిప్రాయం మార్చాయి. స్కానింగులు ఇంతగా లేని రోజులు అవి, నిజమే. కానీ ఏ స్కాన్ తీయించాలో ఇవాళ్టికీ నిర్ణయించేది హిస్టరీయే.

ఇక వరస. చివరిసారి పూర్తిగా బాగున్నది ఎప్పుడో అక్కడ మొదలుపెట్టాలి. "మూడేళ్ళుగా ఉందండి" అంటే మాకు ఏమీ దొరకదు. "పోయిన ఎండాకాలం దాకా రోజూ రెండు కిలోమీటర్లు నడిచేదాన్ని" అంటే ఒక గీత దొరుకుతుంది. తర్వాత మొట్టమొదట తేడా తెలిసింది ఎప్పుడు, అప్పుడు ఏం చేస్తున్నారు, ఆ తర్వాత ఏం కలిసింది, ఏది పోయింది, ఏది తిరిగొచ్చింది. తేదీలు గుర్తులేకపోతే పండగకి ముందో తర్వాతో, ఉద్యోగం మారకముందో మారాకో చెబితే సరిపోతుంది. ఆ తర్వాత ఇప్పుడు దీనివల్ల ఏ పని ఆగిపోయింది. చివర్లో, లోపల ఏమని భయపడుతున్నారు.

ఆ భయాన్ని చివరికి రాయమన్నాను కానీ నోటితో చెప్పేటప్పుడు ముందుకు తెచ్చేయండి. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి "ఇది క్యాన్సర్ కాదు కదండీ" అని అడగడం చాలామంది చేసేదే. అప్పటికి తర్వాతి రోగి లోపలికి వచ్చేసి ఉంటారు.

ఎక్కువగా చెడిపోయేది ఎక్కడంటే, అనుభవం బదులు పేరు చెప్పడం దగ్గర. ఒక ఉదాహరణ కల్పించి రాస్తాను:

"రెండు నెలలుగా గ్యాస్ ట్రబుల్ ఎక్కువగా ఉంది. మాత్రలు వాడినా తగ్గట్లేదు."

అదే మనిషి, అదే బాధ:

"రెండు నెలలుగా మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గరకి వచ్చేసరికి ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టుంటుంది. ఎడమ దవడ లాగుతుంది. ఆగి నిలబడితే నాలుగైదు నిమిషాల్లో పోతుంది. కూర్చున్నప్పుడు, తిన్నాక రాదు."

మొదటిది వింటే ఇంకో గ్యాస్ మాత్ర రాస్తారు. రెండోది వింటే ఆ పూటే ఈసీజీ తీయించి గుండె వైపు చూస్తారు. రెండోదాంట్లో ఒక్క వైద్యపదం కూడా లేదు, గమనించండి. (ఇదే నొప్పి విశ్రాంతిగా ఉన్నా వస్తే, లేదా పదిహేను నిమిషాలైనా తగ్గకపోతే, చెమటలు పడితే పేజీ రాస్తూ కూర్చోకూడదు. వెంటనే ఎమర్జెన్సీకి వెళ్ళాలి.)

కాగితానికి ముందువైపు ఈ కథ, 150 నుంచి 200 మాటలు. వెనకవైపు మీ జాబితా వర్గం కోరుకునేదంతా: మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకి ఎన్నిసార్లు, ఎప్పుడు మొదలు, ఆపేస్తే ఎందుకు ఆపారు. ఈ చివరి గడి చాలామంది వదిలేస్తారు, మాకు అన్నిటికంటే పనికొచ్చేది అదే. అలర్జీ ఉంటే "పడదు" అని కాకుండా ఏమైందో రాయాలి. దద్దుర్లు వచ్చి ఊపిరాడకపోవడం వేరు, వికారంగా ఉండటం వేరు. రెండు కాపీలు తీసుకెళ్ళండి. గదిలోకి వెళ్ళగానే కాగితం చేతికివ్వకండి. ఇచ్చారంటే డాక్టర్ చదవడంలో పడతారు, మీ రెండు నిమిషాలు కాగితానికి పోతాయి. చెప్పడం అయ్యాక ఇవ్వండి. రిపోర్టుల ఫైలు ఇంకా తర్వాత.

పాత_కేస్‌షీట్

పైన చెప్పినదానితో చాలావరకు ఏకీభవిస్తాను కానీ కథని అంత నమ్మకండి అని చెప్పడానికే ఇది రాస్తున్నాను. నాది న్యూరాలజీ.

జబ్బు పడ్డ మనిషి మనసు ఊరుకోదు, కారణం వెతుకుతుంది. దొరికిన కారణం చుట్టూ మిగతా జ్ఞాపకాలు సర్దుకుంటాయి. "కిందపడినప్పటి నుంచీ నడక పాడైంది" అంటారు. నెమ్మదిగా ఆరా తీస్తే నడక పాడవడం వల్లే కిందపడ్డారని తేలుతుంది. చెప్పేవాళ్ళు అబద్ధం ఆడట్లేదు. కథ అంత చక్కగా అతికింది కాబట్టి వినేవాళ్ళు కూడా అక్కడే ఆగిపోతారు. అందుకని పేజీలో ఏం జరిగింది, ఎందుకని అనుకుంటున్నాం అన్న రెండిటినీ వేరువేరు పేరాల్లో పెట్టమనండి. రెండోది వద్దనను. వేరుగా ఉంటే చాలు.

జ్ఞాపకం మీద ఆధారపడకూడని జబ్బులు కొన్ని ఉన్నాయి. తలనొప్పి వాటిలో మొదటిది. రోగి కథ ఇలా ఉంటుంది: "నొప్పి పెరిగింది, అందుకే మాత్రలు పెరిగాయి." నాలుగు వారాల డైరీ పెట్టి చూస్తే వరస తిరగబడవచ్చు. తలనొప్పుల అంతర్జాతీయ వర్గీకరణ ప్రకారం, ముందే తలనొప్పి జబ్బు ఉన్న మనిషి మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు లేదా అంతకు మించి, ట్రిప్టాన్లు (మైగ్రేన్ మాత్రలు), ఓపియాయిడ్లు (నల్లమందు రకం బలమైన నొప్పి మందులు), ఒకటికి మించి మందులు కలిసిన కాంబినేషన్ మాత్రలైతే 10 రోజులు లేదా అంతకు మించి, మూడు నెలలు దాటి వాడుతూ, నెలకి 15 రోజులైనా తలనొప్పితో ఉంటే మందుల వల్లే వచ్చే తలనొప్పి అని అనుమానించాలి. డైరీలో రోజుకి ఒక పంక్తి చాలు: నొప్పి ఉందా, సున్నా నుంచి పది మధ్య ఎంత, ఎన్ని గంటలు, ఏ మాత్ర, ఎన్ని. నొప్పి లేని రోజు కూడా "లేదు" అని రాయాలి. ఖాళీ వదిలేస్తే అది మరిచిపోయిన రోజో బాగున్న రోజో మాకు తెలియదు.

కళ్ళు తిరగడం ఇంకోటి. ఎలా తిరిగాయో వర్ణించమంటే ఒకే మనిషి పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా చెబుతారు, అందులో తప్పేం లేదు. ఎంతసేపు ఉంటుంది, దేనివల్ల వస్తుంది అన్నవి మాత్రం నిలకడగా ఉంటాయి. మంచం మీద పక్కకి దొర్లితే అర నిమిషం, లేచి నిలబడితే కొన్ని సెకన్లు, ఏ కారణం లేకుండా గంటలకొద్దీ. ఈ మూడూ మూడు వేరే దారులు.

స్పృహ తప్పినవాళ్ళ విషయంలోనైతే కథలో అసలు భాగం రోగి దగ్గర ఉండదు, చూసినవాళ్ళ దగ్గర ఉంటుంది. సాక్షి లేకుండా వస్తే సగం విజిట్ వృథా. సాక్షిని రమ్మనండి, లేదా ఫోన్లో అందుబాటులో ఉండమనండి. వాళ్ళు చెప్పాల్సింది: పడకముందు మొహం పాలిపోయిందా, కళ్ళు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం ఎంతసేపు, ఒక వైపా రెండు వైపులా, నాలుక పక్కన కొరుక్కున్నారా, తెలివొచ్చాక ఎంతసేపటికి అర్థమయ్యేలా మాట్లాడారు. మామూలుగా సొమ్మసిల్లడం అయితే త్వరగా తేరుకుంటారు. మూర్ఛ (ఫిట్స్) తర్వాత అయోమయం చాలా నిమిషాలు ఉండటం ఎక్కువ. పక్కన ఇంకొకరుండి మనిషి క్షేమంగా ఉంటే ఫోన్లో వీడియో తీయండి, దానికి సాటి వర్ణన లేదు.

ఇంకో సంగతి, దీన్ని మా వైపువాళ్ళే గుర్తుంచుకోవాలి. బాగా చెప్పగలిగినవాళ్ళ జబ్బు త్వరగా దొరుకుతుంది. మాట తడబడేవాళ్ళు, సిగ్గుపడేవాళ్ళు, అన్నిటికీ "అవునండి" అనేవాళ్ళు వెనకబడిపోతారు. ఒక పేజీ సూచనపత్రం వల్ల ఈ తేడా కాస్త తగ్గాలి. అక్షరాలు బాగా వచ్చినవాళ్ళకే పనికొచ్చేలా రాస్తే ఇంకా పెరుగుతుంది.

మూడోషిఫ్ట్

చెప్పుకోలేని స్థితి గురించి అడిగారు కాబట్టి ఐసీయూ డైరీల గురించి రాస్తాను. క్రిటికల్ కేర్ నర్సింగ్‌లో ఇది తెలిసిన పద్ధతే, స్కాండినేవియా దేశాల్లో మొదలై వ్యాపించింది. వెంటిలేటర్ మీద, మత్తుమందుల్లో రోజులు గడిపిన మనిషికి ఆ రోజులు ఉండవు, లేదా తప్పుడు జ్ఞాపకాలుంటాయి. తనని కట్టేశారని, చంపడానికి చూశారని బలంగా గుర్తుంటుంది. ఆ ఖాళీని ఎవరో ఒకరు నిజంతో నింపాలి.

పద్ధతి ఇది. మొదటి పేజీలో మనిషిని ఎందుకు తెచ్చారో, ఆ రోజు ఏం జరిగిందో ఒక పేరాలో. తర్వాత రోజుకి నాలుగైదు వాక్యాలు, తేదీ, రాసినవాళ్ళ పేరు. రోగిని "మీరు" అని సంబోధిస్తూ రాయాలి: "ఇవాళ మిమ్మల్ని మొదటిసారి మంచం అంచున కూర్చోబెట్టాం. మీ అమ్మాయి మీ చేయి పట్టుకుంది." ల్యాబ్ విలువలు, మందుల డోసులు ఇందులో వద్దు, వాటికి చార్టు ఉంది. బతుకుతారా లేదా అన్న అంచనాలు, చుట్టాల మధ్య గొడవలు, డబ్బు మాటలు అసలు వద్దు. అలారం ఎప్పుడూ మోగుతుండేదనో, కిటికీ ఎటువైపు ఉండేదనో రాయడం చిన్నదిగా కనిపిస్తుంది కానీ ఆ వింత కలలకి మూలం తర్వాత అక్కడే దొరుకుతుంది. ఫొటోలు తీస్తే వేరే కవర్లో ఉంచి, తెలివొచ్చాక రోగి సరేనంటేనే చూపించాలి.

పాడయ్యేది సాధారణంగా మూడో నాలుగో రోజున. ఎవరు రాయాలో ఎవరికీ అప్పగించరు, రాతలు ఆగిపోతాయి. లేదంటే నర్సు నోట్సు భాషలోకి జారిపోతుంది. ఒక షిఫ్టుకి బాధ్యత ఇస్తే నడుస్తుంది. చేతికిచ్చే సమయం కూడా ముఖ్యం. డిశ్చార్జ్ రోజు హడావుడిలో సంచిలో పడేయకూడదు. కొన్ని వారాల తర్వాత, తెలిసినవాళ్ళు పక్కన ఉండగా, చదవాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలి ఇవ్వాలి.

ఫలితాల మాటకొస్తే చిత్రం కలగాపులగమే. 2010లో యూరప్‌లో ఆరు దేశాల్లో 352 మంది మీద జరిగిన ట్రయల్‌లో, ఒక నెల తర్వాత డైరీ అందుకున్నవాళ్ళలో మూడు నెలలకి కొత్తగా పీటీఎస్‌డీ (భయానక అనుభవం తర్వాత వెంటాడే మానసిక సమస్య) వచ్చింది 5 శాతం మందికి, అప్పటికింకా డైరీ అందనివాళ్ళలో 13 శాతం. 2019లో ఫ్రాన్స్‌లో 35 ఐసీయూల్లో జరిగిన పెద్ద ట్రయల్‌లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అందుకని చికిత్స అని పేరు పెట్టను. పోయిన రోజుల లెక్క తిరిగి దొరకడం వేరే విలువ, దానికి స్కోరు లేదు.

తీరిక_రాత

రాసుకోవడం గురించి. దీర్ఘవ్యాధి ఉన్నవాళ్ళ బృందాలు నడిపించే కౌన్సెలింగ్ పని మాది.

దీనికి మూలం 1986లో పెన్నిబేకర్, బీల్ చేసిన ప్రయోగం. కాలేజీ విద్యార్థులు రోజుకి 15 నిమిషాల చొప్పున నాలుగు రోజులు మనసుని గట్టిగా తాకిన సంఘటన గురించి రాశారు. ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్ళు తర్వాతి నెలల్లో ఆరోగ్య కేంద్రానికి తక్కువసార్లు వెళ్ళారు. 1999లో ఉబ్బసం, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్ (కీళ్ళవాతం) ఉన్నవాళ్ళతో జీవితంలో అన్నిటికంటే ఒత్తిడి కలిగించిన అనుభవం గురించి రోజుకి 20 నిమిషాలు, మూడు రోజులు రాయించారు. నాలుగు నెలల తర్వాత చెప్పుకోదగ్గ మెరుగుదల రాసినవాళ్ళలో 47 శాతం మందిలో, మామూలు విషయాలు రాసినవాళ్ళలో 24 శాతం మందిలో కనిపించింది. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే ప్రభావం చిన్నదే. మందుకి బదులు కాదు, పక్కన పెట్టుకోదగ్గది.

మీ పత్రంలో రాయాలంటే ఇలా రాయండి: వరసగా మూడు నాలుగు రోజులు, 15 నుంచి 20 నిమిషాలు, అలారం పెట్టుకుని. అక్షర దోషాలు చూసుకోవద్దు. ఎవరికీ చూపించేది కాదని ముందే అనుకోవాలి, కావాలంటే చించేయొచ్చు. రాసిన వెంటనే మనసు బరువెక్కడం మామూలే, గంట రెండు గంటల్లో తేలికపడాలి. మరునాటికీ తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే ఆపేసి మనిషితో మాట్లాడాలి. జబ్బు పేరు నిన్ననే తెలిసినవాళ్ళకి ఇది ఇవ్వకండి. ముందు కొన్ని వారాలు గడవనివ్వండి.

బృందంలో చెప్పించేటప్పుడు ఇంకో జాగ్రత్త. సామాజిక శాస్త్రవేత్త ఆర్థర్ ఫ్రాంక్ జబ్బు కథల్ని మూడు రకాలుగా చూశారు. జబ్బు పడ్డాను, నయమవుతుంది, మళ్ళీ మునుపటిలా ఉంటాను అనేది ఒకటి. దారీ తెన్నూ లేకుండా, "ఆ తర్వాత ఇది, ఆ తర్వాత ఇంకోటి" అని సాగేది రెండోది. జబ్బుతోనే ఏదో వెతుక్కుంటూ వెళ్ళేది మూడోది. నడిపించేవాళ్ళకి రెండో రకం వినడం కష్టం. "దీనివల్ల మీరేం నేర్చుకున్నారు?" అని అడిగి మూడో రకంలోకి తోసేస్తారు. ఆ ప్రశ్న అడగొద్దని నిర్వాహకుల కాగితంలో మొదటి వాక్యంగా పెట్టండి. "ఇవాళ ఎలా గడిచింది?" అంటే చాలు.

ఇతరుల కథ వినడం వల్ల కూడా పని జరుగుతుంది, అది వేరే దారి. 2011లో అమెరికాలో, బీపీ ఉన్న నల్లజాతి రోగులకి తమలాంటి రోగులే మాట్లాడిన డీవీడీలు ఇచ్చారు. బీపీ అదుపులో లేనివాళ్ళలో మూడు నెలలకి పై అంకె, వేరే విషయాల డీవీడీ చూసినవాళ్ళతో పోలిస్తే సుమారు 11 పాయింట్లు ఎక్కువగా తగ్గింది. అప్పటికే అదుపులో ఉన్నవాళ్ళలో అంత తేడా రాలేదు.

బహిరంగంగా పెట్టే ముందు: అరుదైన జబ్బు పేరు, వయసు, ఊరు ఈ మూడూ కలిస్తే పేరు లేకపోయినా మనిషి తెలిసిపోతారు. రిపోర్టు ఫొటోలో ఐడీ నంబరు, బార్‌కోడ్ చెరపండి. వంశపారంపర్య జబ్బయితే అది తోబుట్టువుల కథ కూడా, వాళ్ళని అడగాలి. డోసులు రాయొద్దు.

వేకువ_పేజీ

అందరికీ ధన్యవాదాలు. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. రోగి బదులు వెంట వచ్చినవాళ్ళే మాట్లాడేస్తుంటే ఏం చేయాలి? పక్షవాతంతో మాట పోయినవాళ్ళ మాటేమిటి?

ఓపీ_గది

మొదటిదానికి వరస మార్చడమే మందు. మొదటి రెండు నిమిషాలు రోగివి, తర్వాతి రెండు నిమిషాలు వెంట వచ్చినవాళ్ళవి. ముందే అలా ఒప్పందం చేసుకుని వెళ్ళాలి. రెండు కథలకీ పొంతన కుదరకపోతే ఇద్దరిలో ఒకరిని సరిదిద్దకండి, ఆ తేడా కూడా మాకు సమాచారమే. మతిమరుపు, మద్యం, నిద్రలో గురక విషయాల్లో ఇంట్లోవాళ్ళ మాట ఎక్కువ నమ్మదగ్గది. నొప్పి, భయం రోగి చెప్పాల్సిందే. భాష రానిచోట పిల్లల్ని దుబాసీగా పెట్టొద్దు. చెప్పలేనివి మింగేస్తారు.

మాట పోయినవాళ్ళకి అవును-కాదు ప్రశ్నలు, ఒక్కసారి ఒక్కటే, జవాబుకి పది సెకన్లు ఆగి. "అవును" నిజంగా అవునేనా అని ముందు పరీక్షించుకోవాలి: మీ పేరు ఫలానానా అని సరైన పేరుతో ఒకసారి, తప్పు పేరుతో ఒకసారి. శరీరం బొమ్మ గీసి వేలు పెట్టమనొచ్చు. అర్థం చేసుకోవడం బాగానే ఉండి మాటే రాని రకం కూడా ఉంది, కాబట్టి వాళ్ళ ముందు వాళ్ళ గురించి మూడో మనిషి గురించి మాట్లాడినట్టు మాట్లాడకూడదు.

డాక్టర్లకి కూడా ఒక పేరా పెట్టేట్టయితే, ఆర్థర్ క్లైన్‌మన్ బృందం 1978లో సూచించిన ప్రశ్నల సారం వాడండి: ఇది ఏమని మీరనుకుంటున్నారు, ఎందుకు అప్పుడే మొదలైందంటారు, మీకేం చేస్తోంది, ఎంతకాలం ఉంటుందనుకుంటున్నారు, ఏ చికిత్స కావాలనుకుంటున్నారు, దేనికి ఎక్కువ భయపడుతున్నారు. అన్నీ అడిగే టైము లేకపోతే మొదటిది, చివరిది.

పాత_కేస్‌షీట్

ఆ పేరాకి ఇంకో వాక్యం కలపండి. కేస్ షీట్‌లో ముఖ్య బాధని రోగి చెప్పిన వాక్యంతోనే రాయాలి, మొత్తం వాక్యం. ఒక్క మాటని విడదీసి కొటేషన్ గుర్తుల్లో పెడితే, తర్వాత చదివే డాక్టర్‌కి అది నమ్మలేదన్నట్టు వినిపిస్తుంది. "రోగి వాదన ప్రకారం" అని రాసినా అంతే. "చెప్పారు" అని రాస్తే సరిపోతుంది.